శుద్ధి చేసిన చంద్రుడు

మౌనం, 28వ రోజు

ఈ పుస్తకంలో రాసేది నీలాంబరం. కాలిస్టో మీద, కొత్తరేవు కాలనీలో రోజూ వాక్యం చెప్పేది నేనే. గురుగ్రహాన్నీ దాని చంద్రులనూ ఫొటోలు తీసి ఈ పుస్తకంలోకి ఎక్కించేదీ నేనే. ఈ రెండు పనుల్లో దేనికీ నాకెవరూ పాఠం చెప్పలేదు. గ్రంథం అట్ట ఊడిపోయి దొరికింది, లెన్సు నాన్న పోతూ వదిలాడు. తడబడుతూ చదివి బోధకుణ్ణయ్యాను, వందల ఫొటోలు పాడుచేసి ఫొటోగ్రాఫర్నయ్యాను.

ఈ రోజు పని: ఆరు వందల మిల్లీమీటర్ల లెన్సు, మంచులో దిగేసిన మూడుకాళ్ళ స్టాండు. యూరోపా అంచు మీద ఫోకస్ సరిచూశాను. లెన్సు మీద చెక్కిన అనంతం గుర్తును నమ్మితే మునిగిపోయినట్టే. ఈ చలికి గొట్టం ముడుచుకుపోయి ఆ గుర్తు ప్రతిరోజూ అబద్ధమాడుతుంది. గురుగ్రహం పట్టీలు నాలుగు ఫ్రేములు. గ్రహానికి సరిపోయే వెలుతురులో తీస్తే చంద్రులు మసకబారిపోతారు, చంద్రులకు సరిపోయేలా తీస్తే గ్రహం తెల్లటి పిండిముద్దలా పేలిపోతుంది. అందుకని విడివిడిగా తీయాలి. అయో ఒకటి. గానిమీడ్ ముప్పై. ఆ ముప్పైని కెమెరాయే రోజంతా గడియారం ప్రకారం తీసుకుంటుంది.

గానిమీడ్‌కే అన్ని ఎందుకంటే అక్కడ వెలుగుమెట్ట కాలనీ ఉంది. పన్నెండున్నర రోజులకోసారి గానిమీడ్ మాకు దగ్గరగా వస్తుంది. ఆ ఒకటి రెండు రోజులే వెలుగుమెట్ట మావైపు తిరిగి ఉంటుంది. అక్కడ రెండు వందల పన్నెండు మంది ఉన్నారు. ఇరవై ఎనిమిది రోజులుగా వాళ్ళ రేడియో పలకడం లేదు.

వాళ్ళలో నా చెల్లెలు కరుణమ్మ ఉంది.

చంద్రుడి చీకటి సగంలో, కాలనీ ఉండాల్సిన చోట, ముప్పై ఫ్రేముల్లోనూ ఏమీ లేదు. నలుపు. పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్ద నలుపు.

మౌనం, 30వ రోజు

కమిటీ కూర్చుంది. మాకు ఉన్న ఓడ ఒక్కటే, తెప్ప అంటాం. ఎనిమిది నెలల తర్వాత బయటి నుంచి ఇంధనం వచ్చేదాకా దానికి ఒక్క ప్రయాణానికే సరిపడా ఉంది. వెలుగుమెట్టకు రేడియో సామాన్లు, వేడి కాయిల్స్, డాక్టరును తీసుకెళ్ళాలా? లేక యూరోపా గనికి వెళ్ళి నీళ్ళ పంపులు తేవాలా? మా పంపు రెండు నెలలుగా ముక్కుతూ మూలుగుతూ ఉంది. అదీ నిజమే.

కమిటీ పెద్ద అబ్బులు గారు చెడ్డమనిషి కాడు. గొంతు తగ్గించే అన్నాడు.

"నీలాంబరం గారూ, మనసు మీకే కాదు, నాకూ ఉంది. కానీ నా ముగ్గురు మనవలు తాగే నీళ్ళు ఆ పంపులోంచే రావాలి. అక్కడ మనుషులున్నారంటే రేపే పంపుతాను. ఉన్నారా?"

"ఉంటారు."

"ఉంటారు అనేది ప్రార్థన. ఉన్నారా అని అడుగుతున్నాను." నా ఫొటోలు తీసి బల్ల మీద పరిచాడు. "ఇవి మీరు తీసినవే. ఎక్కడండీ వెలుతురు? దీపం కూడా లేనిచోట మనిషెలా బతుకుతాడు? ఫొటో అబద్ధం చెప్పదని మీరే కదా ప్రతివారం గొంతు చించుకునేది?"

అది నేను చెప్పిన మాటే.

తీర్పు: నలభై ఒకటో రోజున తెప్ప యూరోపాకు వెళ్తుంది.

మౌనం, 33వ రోజు

ఈ పుస్తకం తర్వాత ఎవరు చదువుతారో తెలియదు. కొత్తరేవు, వెలుగుమెట్ట ఎందుకు విడిపోయాయో వాళ్ళకు తెలియాలి.

పదకొండేళ్ళ కిందట అందరం ఇక్కడే, ఒకే కప్పు కింద ఉండేవాళ్ళం. ప్రార్థన వేళ కిటికీ రేకులన్నీ మూసి, దీపం చుట్టూ కూర్చోవడం మా ఆచారం. ప్రయాణ కాండం నాలుగో అధ్యాయంలో ఉంది: నీ దీపమును కప్పి ఉంచుము, చీకటి దానిని వెదకుచున్నది. కరుణమ్మ, మరికొందరు తొమ్మిదో అధ్యాయం పట్టుకున్నారు: ఆవలి ఒడ్డునున్నవాడు నీ దీపమును చూడవలెను. ప్రార్థన వేళ రేకులు మూయకూడదు, తెరవాలి అన్నారు. అదీ మోటారుతో కాదు, చేత్తో చక్రం తిప్పి తెరవాలట. వెలుగు చూపించడానికి మనిషి ఒళ్ళు అలవాలట.

నేను బల్ల గుద్ది బోధించాను. ఆకాశానికి దీపం చూపించేవాడు దొంగకు ఇల్లు చూపించేవాడని అరిచాను. నాలుగో అధ్యాయం ఆరు నెలలు చెప్పాను. తొమ్మిదో అధ్యాయం చదివాను గాని, ఒక్కసారీ బోధించలేదు.

వాళ్ళు గానిమీడ్‌కు వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇక్కడ రేకులు ఏ వేళా తెరవనివ్వలేదు నేను. నాన్న వదిలిన రెండు లెన్సుల్లో నాలుగు వందలదాన్ని కరుణమ్మ తీసుకెళ్ళింది. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, "అన్నయ్యా, నీ లెన్సు పెద్దది, చూపు చిన్నది," అంది.

తర్వాత మేం మాట్లాడుకోలేదు. రేడియోలో రెండు కాలనీల వాళ్ళూ వాతావరణం, సరుకులు మాట్లాడుకునేవారు. ఆమె వంతు వచ్చినప్పుడు నేను గదిలోంచి లేచి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ఆ గదిలోనే పడుకుంటున్నాను, రేడియో పక్కన, గ్రంథం గుండెల మీద పెట్టుకుని.

మౌనం, 39వ రోజు, పగలు

గానిమీడ్ మళ్ళీ దగ్గరికి వచ్చింది. కెమెరా పొద్దున్నుంచి ఫ్రేములు తీస్తోంది.

ప్రార్థన ముగించి బయటికొస్తుంటే సూట్ల షెడ్డు మరిడమ్మ ఎదురొచ్చింది. అంతరిక్షపు సూట్లు కుట్టేది, అతికేది, తిట్టేది ఆమే. ఒంటి మీద సూటు అలాగే ఉంది, హెల్మెట్ చంకలో ఉంది, ఆయాసపడుతోంది.

"ప్రార్థనకు రాలేదేం, మరిడమ్మా?"

"నరకానికి తర్వాత తీరిగ్గా పోతాను అయ్యగారూ, ముందు ఇది వినండి. మీ కెమెరా తీగ చలికి పగిలిందని షెడ్డులో హెచ్చరిక లైటు మినుకుమంటే పోయాను. ప్రార్థన వేళే. తీగ అతుకుతున్నాను. అప్పుడే కెమెరా ఒక ఫొటో తీసింది, వెనకాల ఉన్న చిన్న తెర మీద బొమ్మ పడింది. నల్లటి చంద్రుడు. అందులో ఒక తెల్లచుక్క."

"ధూళి అయ్యుంటుంది."

"నేను ముప్పై ఏళ్ళుగా హెల్మెట్ అద్దాలు తుడుస్తున్నాను. ధూళి నాకు చెప్తారా?"

పరుగెత్తాను. ఈ వయసులో, చెప్పు ఒకటి గుమ్మంలో వదిలేసి. అప్పటికే తీగ పనిచేస్తోంది, ఫ్రేము కంప్యూటర్‌లోకి వచ్చేసింది. పెద్ద తెర మీద తెరిచాను. నల్లటి చంద్రుడు. చుక్క లేదు.

మరిడమ్మ నా భుజం మీంచి తొంగిచూసింది. "ఇక్కడుండాలి. ఇదిగో, ఈ గొయ్యికి కుడిపక్కన. నా రెండు కళ్ళతో చూశాను. మీ పెట్టె మింగేసింది."

వెలుగుమెట్ట సరిగ్గా ఆ గొయ్యికి కుడిపక్కనే ఉంది. ఆ సంగతి మరిడమ్మకు తెలియదు.

కంప్యూటర్‌లో ఫొటోలు వచ్చీరాగానే జరిగే పనుల జాబితా తెరిచాను. పైన మచ్చలు తీసే పని, తర్వాత రంగు సరిచేసే పని. మూడోదానికి పేరు 'శుద్ధి'. పెట్టిన తేదీ పదకొండేళ్ళ కిందటిది. పెట్టినవాడి పేరు నీలాంబరం.

గుర్తొచ్చింది. వాళ్ళు వెళ్ళిన మొదటి నెలల్లో నేను తీసిన గానిమీడ్ ఫొటోలు ప్రార్థన గదిలో వేలాడేవి. చీకటి చంద్రుడి మీద ప్రార్థన వేళ ఒక తెల్లచుక్క. మొక్కల గది మీది తోటకప్పు రేకులు తెరిచి వాళ్ళు చూపిస్తున్న వెలుగు. కొందరు దాన్ని చూసి గుసగుసలాడారు. నాకు కోపమొచ్చింది. దారి తప్పినవాళ్ళ దీపం పరిశుద్ధ గోడ మీద ఉండకూడదని, ఆ చోట కనిపించే వెలుగునంతా తుడిచెయ్యమని యంత్రానికి ఆజ్ఞ ఇచ్చాను. అసలు ఫ్రేమును కూడా చెరిపెయ్యమన్నాను. ఆపైన మరిచిపోయాను.

యంత్రం మరిచిపోలేదు. పదకొండేళ్ళు. ప్రతి ఫొటో.

కమిటీ బల్ల మీద పరిచిన ఆ నలుపు గానిమీడ్‌ది కాదు. నాది.

మౌనం, 39వ రోజు, సాయంత్రం

'శుద్ధి'ని చెరిపేశాను. కానీ ఈరోజు ప్రార్థన వేళ అయిపోయింది. వాళ్ళు రోజుకొక్కసారే తెరుస్తారు. చేతిలో రుజువు లేదు. ఎల్లుండి తెల్లవారేసరికి తెప్ప యూరోపాకు బయల్దేరుతుంది.

అందర్నీ పిలిపించాను. నాలుగు వందల మంది వచ్చారు. గ్రంథం తీసి, తొమ్మిదో అధ్యాయం చదివాను. నా నోట ఆ వాక్యం వాళ్ళు మొదటిసారి వింటున్నారు. ముందు వరసలో ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తర్వాత చెప్పాను. "సహోదరులారా, వినండి! పదకొండేళ్ళు మీకు అబద్ధపు చంద్రుణ్ణి చూపించాను! నా చేత్తో నేనే మన వాళ్ళ దీపాన్ని తుడిచాను, తుడిచిన గోడను చూపించి చచ్చిపోయారు అనిపించాను! ఇది యంత్రం తప్పు కాదు. చలి తప్పు కాదు. నా గర్వం తప్పు! నన్ను ఈ బల్ల మీంచి దింపాలంటే దింపండి. కానీ రేపు దింపండి. రేపు మధ్యాహ్నం వరకు నన్ను కెమెరా దగ్గర నిలబడనివ్వండి!"

గదంతా గలాటా. ఒకాయన ఏడ్చాడు, ఒకాయన తిట్టాడు. ఆ తిట్టు ఇక్కడ రాయను, కాని న్యాయమైనదే.

అబ్బులు గారు లేచాడు. "నీలాంబరం గారూ, చెల్లెలి మీద ప్రేమతో ఇప్పుడు వెలుగు కనబడుతోందని నేనెందుకు అనుకోకూడదు? పోయినసారి లేని చుక్క ఈసారి ఎలా పుట్టింది?"

"నన్ను నమ్మొద్దు. కెమెరాకీ పెద్ద తెరకీ మధ్య కంప్యూటర్ లేకుండా తీగ లాగిస్తాను. మీ కళ్ళముందే తీస్తాను."

మరిడమ్మ వెనకనుంచి, "తీగ నేను లాగుతాను, అబ్బులు గారూ. ఆయన లాగితే అది కూడా శుద్ధి అయిపోద్ది," అంది.

మౌనం మొదలయ్యాక కాలనీలో నవ్వు వినబడటం ఇదే మొదటిసారి.

మౌనం, 40వ రోజు

ఈరోజు ప్రార్థన వేళే గ్రహణం ఉందని నిన్న పంచాంగంలో చూశాను. గురుగ్రహం మా నడినెత్తిన ఎప్పుడూ ఒకేచోట వేలాడుతుంది. ఈరోజు మధ్యాహ్నం సూర్యుడు దాని వెనక్కి వెళ్ళాడు. గానిమీడ్ కూడా దాని నీడలోకి వెళ్ళింది, సరిగ్గా మాకూ దానికీ మధ్యన.

ముప్పై ఏళ్ళు ఆకాశాన్ని చూసినవాణ్ణి, ఇలాంటిది చూడలేదు. గురుగ్రహం నల్లబడిపోయింది. దాని అంచు చుట్టూ సన్నటి ఎర్రటి కమ్మీ, దాని వాయువుల్లోంచి వంగి వస్తున్న సూర్యకాంతి. ఆ నలుపు నడుమ ఇంకా నల్లగా గానిమీడ్. నేలంతా నీలిచీకటి. కంటిని చెరిపే వెలుతురు ఎక్కడా లేదు. దేవుడు నా కోసం తన చెయ్యి అడ్డం పెట్టి దీపాల్ని ఆర్పినట్టుంది.

ఫోకస్ ఎక్కడ సరిచూడాలి? యూరోపా కనబడటం లేదు. ఒక నక్షత్రం పట్టుకుని, అది సూదిమొనంత అయ్యేదాకా ఉంగరం తిప్పాను. చేతితొడుగులో వేళ్ళు కొయ్యల్లా ఉన్నాయి. లెన్సు గొట్టం చుట్టూ వేడిపట్టీ కట్టాను. స్టాండును మరిడమ్మ తన కాళ్ళతో తొక్కిపట్టి కూర్చుంది.

లోపల ప్రార్థన గదిలో పెద్ద తెర ముందు నాలుగు వందల మంది, అబ్బులు గారు ముందు కుర్చీలో. ఆయన గొంతు నా చెవిలో వినబడుతోంది.

మొదటి ఫ్రేము, పది సెకన్లు. నలుపు.

రెండోది. నలుపు.

"అయ్యగారూ, ఊపిరి మెల్లగా తీసుకోండి, అద్దానికి మంచు పడుతోంది," అంది మరిడమ్మ.

ఏడోది. ఎనిమిదోది. అబ్బులు గారు దగ్గాడు. నేను మోకాళ్ళ మీద ఉన్నాను. కొంత కెమెరా కోసం, కొంత ఎందుకో మీకు తెలుసు.

పదకొండో ఫ్రేము.

గొయ్యికి కుడిపక్కన తెల్లచుక్క. సూదిమొన కాదు, ఆవగింజంత. నల్లటి గ్రహం నడుమ, నల్లటి చంద్రుడి మీద, ఒకే ఒక్క వెలుగు.

చెవిలో కేకలు ఒక్కసారిగా పేలాయి. నేను అరిచానో లేదో గుర్తులేదు. మరిడమ్మ నన్ను హెల్మెట్ మీద గుద్దింది, ఆ సంగతి గుర్తుంది.

అబ్బులు గారి గొంతు అందరి కేకల మీదుగా వచ్చింది. "ఆగండి, ఆగండి. దీపం ఉంది, ఒప్పుకున్నాను. మనుషులు పోయినా దీపం వెలుగుతూ ఉండిపోవచ్చు కదా. రేకులు తెరుచుకుని ఉండిపోవచ్చు కదా. నీలాంబరం గారూ, నేను చెడ్డవాణ్ణి కాదు, పంపు గురించి ఆలోచించాలి నేను."

నేను క్లిక్ చేస్తూ పోయాను. పన్నెండు, పదమూడు. వెలుగు ఉంది. పదిహేను. వెలుగు ఉంది. పదిహేడో ఫ్రేములో చుక్క లేదు.

మళ్ళీ నొక్కాను.

పద్దెనిమిది, పంతొమ్మిది. నలుపు.

ఇరవయ్యో ఫ్రేములో మళ్ళీ వెలుగు.

"అబ్బులు గారూ!" నా గొంతు కాలనీ అంతా పగిలేలా వచ్చింది. "వెలుగుమెట్టలో రేకులకు మోటారు లేదు! వాళ్ళు పెట్టనివ్వలేదు! దాన్ని నేనే పిచ్చి అన్నాను, బల్ల గుద్ది పిచ్చి అన్నాను! ఆ రేకులు మూసుకోవాలంటే చెయ్యి కావాలి! తెరుచుకోవాలంటే చెయ్యి కావాలి! మీరు చూస్తున్నది దీపం కాదు, మనిషి చెయ్యి!"

తర్వాత అబ్బులు గారు ముక్కు చీదుకోవడం వినబడింది.

"తెప్పను ఎవరన్నా యూరోపాకు సిద్ధం చేసి ఉంటే," అన్నాడు, "దించండి ఆ సామాన్లు. వేడి కాయిల్స్ ఎక్కించండి. రేడియో స్తంభం ఎక్కించండి. పంపు ఇంకా ఎనిమిది నెలలు మూలిగినా చావదు, నేనే దాని పక్కన పడుకుంటాను."

గ్రహణం ఇంకా ఇరవై నిమిషాలుంది. నాకు ఇంకొకటి తోచింది. ఆమె దగ్గర నాలుగు వందల లెన్సు ఉంది. ఆమె కరుణమ్మ. ఇలాంటి గ్రహణం రోజున ఆమె కెమెరా దగ్గర లేకుండా ఉంటుందా?

"రేకులు తెరవండి!" అన్నాను. "కొత్తరేవులో ఉన్న ప్రతి కిటికీ! తోటకప్పు మొత్తం! దీపాలన్నీ వెయ్యండి!"

"ప్రార్థన వేళ అయ్యగారూ," ఎవరో ముసలాయన గొణిగాడు, "రేకులు మూసుకోవాలి కదా."

"మూసింది నేను! తెరవమంటున్నదీ నేను! తెరవండి!"

మా రేకులకు మోటార్లున్నాయి. మూయడం తప్ప తెరవడం ఎరుగని మోటార్లు, సగం చలికి బిగుసుకుపోయాయి. అప్పుడు జనం చేతులు వేశారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, అబ్బులు గారితో సహా. నేను బయట మంచు మీద నిలబడి చూశాను. ఒక్కొక్క కిటికీ. ఒక పసుపు చతురస్రం, రెండు, పది. తర్వాత తోటకప్పు, పక్క నుంచి పక్కకు. నా నీడ మంచు మీద పొడుగ్గా పడింది. జీవితంలో మొదటిసారి, బయట, కొత్తరేవు వెలుగులో నా నీడ నేను చూసుకున్నాను.

కెమెరా క్లిక్‌లు ఆపలేదు. ముప్పై ఒకటో ఫ్రేములో గానిమీడ్ మీద చుక్క ఆరిపోయింది. ముప్పై రెండులో వెలిగింది. ముప్పై మూడులో ఆరింది. ముప్పై నాలుగులో వెలిగింది. ప్రార్థన వేళ దాటిపోయింది. ఇక తెరవాల్సిన అవసరం లేదు వాళ్ళకు. అయినా ఎవరో అక్కడ పిచ్చిగా, వేగంగా, ఆగకుండా చక్రం తిప్పుతున్నారు.

తెలిసింది వాళ్ళకు.

లెక్క ఆపేసిన తర్వాత, తొమ్మిదో రోజు

తెప్ప దిగింది. మంచు పగిలి వాళ్ళ రేడియో స్తంభం పగుల్లోకి జారిపోయిందట. వేడి కాయిల్స్ సగం పోయాయట. అందరూ తోటలోనే, ఒక్క గదిలో, మొక్కల మధ్య పడుకుంటున్నారట. ఇంకో నెల ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు. ఒక్కరూ పోలేదు.

కొత్త స్తంభం నిలబెట్టగానే మొదటి పిలుపు వచ్చింది. ప్రార్థన గదిలో అందరం ఉన్నాం. నన్ను బల్ల మీంచి దింపారు, నేనే దిగాను, ఆ గొడవ ఇక్కడ ఎందుకు. వెనక బెంచీ మీద మరిడమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను మోచేత్తో పొడిచింది. "పోండి. మీకే."

రేడియో దగ్గరికి వెళ్ళాను. కాసేపు గరగర.

"అన్నయ్యా?"

"ఆఁ."

"పదకొండేళ్ళు పట్టిందా కిటికీ తెరవడానికి?"

నాలుగు వందల మంది ఒక్కసారే నవ్వారు. నేను గ్రంథంలో జవాబు వెతుక్కునే మనిషిని. చేతిలో గ్రంథం ఉంది. తెరవలేదు.

"నా దగ్గర కొత్తరేవు ఫొటోలు నాలుగు వేలకు పైగా ఉన్నాయి," అంది కరుణమ్మ. "దగ్గరికొచ్చిన ప్రతిసారీ తీశాను. అన్నీ నలుపే. గ్రహణం రోజుది తప్ప."

"అది ఎలా వచ్చింది?" అని అడిగాను. ఫొటోగ్రాఫర్‌గానే అడిగాను, ఇంకోలా అడగడం నాకు చేతకాలేదు.

"మీ కాలనీ అంతా కనిపిస్తోంది. వెలుగు దండిగా ఉంది. కానీ ఊగిపోయింది, అన్నయ్యా. చెయ్యి నిలవలేదు నాకు."

"పంపించు," అన్నాను. "ఆ ఫొటోయే పంపించు. ప్రార్థన గది గోడకు కడతాను."